వాల్వును పట్టి ఉంచేదేమిటి? గేరుబాక్సు ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆటోమేటిక్ గేరుబాక్సు లోపల ఆయిలును దారి మళ్లించి గేర్లు మార్పించే వాల్వుల గురించే. వాల్వులు, వాటి వెనక స్ప్రింగులు, అవి బయటికి రాకుండా ఆపే రేకులు, పిన్నులు, సర్క్లిప్‌లు (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగులు). గేరుబాక్సులో ఇవి చాలా చిన్న వస్తువులు. వీటి గురించి రాసేవారూ తక్కువే. అందుకని ఈ సంచికలో వీటికే జవాబులిస్తున్నాను.

*

మాస్టారూ, నేను కొత్తగా పనిలో చేరిన మెకానిక్‌ని. వాల్వ్ బాడీ (వాల్వులన్నీ ఇమిడి ఉండే లోహపు దిమ్మ) విప్పి, కడిగి, మళ్లీ కూరుస్తున్నాను. ఒక రంధ్రం చివర ప్లగ్గును, అంటే రంధ్రం మూతను, ఆపే పలుచని ఉక్కు రేకు ఉంది. బాడీని తిరగేస్తే అది జారి కింద పడిపోతోంది. బోల్టులు వదులు కాకుండా మరలకు రాసే జిగురు ఒక చుక్క పెట్టి అతికించవచ్చా?

వద్దు బాబూ. రేకు జారిందంటే చాలావరకు దాని వెనక ఎక్కడో కూర్పు తప్పినట్టే. జిగురు పెడితే ఆ తప్పు లోపలే ఉండిపోతుంది.

ముందు ఆ రేకు ఎలా నిలుస్తుందో చూడండి. రంధ్రంలో మొదట వాల్వు, దాని వెనక స్ప్రింగు, ఆఖరున ప్లగ్గు ఉంటాయి. స్ప్రింగు ఎప్పుడూ ప్లగ్గును బయటికి తోస్తూనే ఉంటుంది. మనం బొటనవేలితో ప్లగ్గును లోపలికి నొక్కి పట్టి, పక్కనున్న సన్నని గాడిలోకి రేకును దించి, వేలు మెల్లగా వదులుతాం. ప్లగ్గు వెనక్కి వచ్చి రేకును గాడి గోడకు అదిమిపెడుతుంది. ఈదురుగాలికి తలుపు తోసుకొస్తున్నకొద్దీ అడ్డగడియ బిగుసుకున్నట్టే ఇదీ. రేకుకు తనంతట తానుగా ఏ పట్టూ లేదు, ఆ తోపు ఉన్నంతసేపే నిలుస్తుంది. సరిగ్గా కూర్చుంటే వేలు వదిలేటప్పుడు టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. ఆ తర్వాత రేకును చిమటాతో లాగి చూడండి, కదలకూడదు.

మీ రేకు కదులుతోంది కాబట్టి స్ప్రింగు తోపు ప్లగ్గుదాకా రావడం లేదు. లేదా వచ్చినా రేకు పక్కకు జారే వీలు ఉంది. నేనైతే మొదట ప్లగ్గునే తీసి చూస్తాను. చాలా ప్లగ్గులకు ఒక ముఖం చదునుగా, రెండో ముఖం గుంటగా ఉంటుంది. రేకు ఆ గుంటలో కూర్చుంటేనే పక్కకు జారదు. గుంట లోపలివైపుకు పోయేలా తిరగబడితే చదును ముఖం రేకుకు తగులుతుంది. బల్ల మీద కొంతసేపు నిలిచినట్టే ఉంటుంది, తిరగేస్తే జారిపోతుంది.

ప్లగ్గు సరిగానే ఉంటే స్ప్రింగును కొలవండి. పక్క పక్క రంధ్రాల స్ప్రింగులు కంటికి ఒకేలా ఉంటాయి. ఊరికే ఉన్నప్పటి పొడవు, తీగ మందం, చుట్ల సంఖ్య, ఈ మూడూ సర్వీసు మాన్యువల్‌తో సరిచూడాలి. పొట్టి స్ప్రింగు పడితే రేకు వదులవడం ఒక్కటే కాదు, గేరు మారే సమయమూ మారిపోతుంది. స్ప్రింగూ సరైనదే అయితే వాల్వు తలకిందులుగా పోయిందేమో చూడండి. రెండు చివరలూ ఒకేలా కనబడే వాల్వులున్నాయి, ఒక అంచు వెడల్పులో మాత్రమే తేడా ఉంటుంది. ఇవేవీ కాకపోతే రేకే మారి ఉంటుంది. ఒకే బాడీలో రెండు మూడు మందాల రేకులుండటం మామూలే.

ఇక్కడొక మినహాయింపు ఉంది. కొన్ని రంధ్రాల్లో స్ప్రింగు అవతలి కొసన ఉంటుంది, ప్లగ్గు మీద దాని తోపు ఉండదు. అలాంటి చోట రేకును ఆపేది దాని మీద వచ్చి కూర్చునే సెపరేటర్ ప్లేటు, అంటే బాడీ సగాల మధ్య ఉండే రంధ్రాల పలక. ప్లేటు లేకుండా బాడీని తిరగేస్తే రేకు పడి తీరుతుంది, అందులో తప్పేమీ లేదు. మీ రంధ్రం ఏ రకమో మాన్యువల్ బొమ్మలో చూసి నిర్ధారించుకోండి. ఈ రకమే అయితే ప్లేటు కూర్చునేదాకా రేకును కాస్త వాసెలిన్‌తో నిలపండి.

ఇక జిగురు సంగతి. మరలకు రాసే ఆ జిగురు లోహానికి తగిలి, గాలి అందని సందులో గట్టిపడుతుంది. వాల్వుకూ రంధ్రానికీ మధ్య ఉన్నది సరిగ్గా అలాంటి సందే, మిల్లీమీటరులో నూరో వంతులతో కొలవాల్సినంత సన్ననిది. ఒక్క చుక్క లోపలికి పాకితే వాల్వు ఉన్నచోటే బిగుసుకుపోతుంది. పైగా అక్కడ మోయాల్సిన తోపు చిన్నదేమీ కాదు. 12 మిల్లీమీటర్ల వ్యాసమున్న ప్లగ్గు ముఖం సుమారు 113 చదరపు మిల్లీమీటర్లు. దాని వెనక ఆయిలు పీడనం 20 బార్లకు చేరితే ప్లగ్గు మీద పడే తోపు దాదాపు 226 న్యూటన్లు, అంటే 23 కిలోల బరువు. గేరు మారిన ప్రతిసారీ ఆ బరువు పడుతూ లేస్తూ ఉంటుంది. దాన్ని మోయాల్సింది గాడి గోడకు ఆనుకున్న ఉక్కు రేకే.

అంతా కుదిరాక బాడీ ముఖం మీద వేలిగోరును అడ్డంగా జరపండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే రేకు పైకి పొడుచుకొచ్చినట్టే. అలాగే బిగిస్తే సెపరేటర్ ప్లేటు ఆ చోట ఎత్తుకుని, ఒక కాలువలోని ఆయిలు పక్క కాలువలోకి పారుతుంది. ఉక్కు స్కేలు నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూస్తే ఇంకా మంచిది.

*

సార్, నేను టీచరుని. మా కారు గేరుబాక్సు ఈమధ్యే బాగు చేయించాం. ఇప్పుడు ముందుకు బాగానే వెళుతోంది, రివర్సులో మాత్రం కదలడం లేదు. మెకానిక్ "లోపల వాల్వు లాకు ఊడి ఉంటుంది" అంటున్నారు. ముందుకు వెళ్లే బండి వెనక్కి వెళ్లకపోవడానికి అంత చిన్న లాకు కారణమవుతుందా?

అవుతుందమ్మా. ముందుకు వెళ్లేటప్పుడు నిలిచిన లాకు రివర్సులోనే ఊడటానికి కారణం కూడా ఉంది. రివర్సులో క్లచ్చు (ఆయిలు పీడనంతో బిగిసి గేరును పట్టి ఉంచే పలకల కట్ట) మీద బరువు ఎక్కువ. అందుకని చాలా గేరుబాక్సుల్లో రివర్సు వేయగానే ఆయిలు పీడనం కావాలనే పెరిగేలా ఏర్పాటు ఉంటుంది. ముందు గేరులో ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పటి పీడనానికి అది రెండింతలు కూడా దాటవచ్చు. సరిగా కూర్చోని ప్లగ్గు తక్కువ పీడనానికి ఓర్చుకుని ఎక్కువ పీడనం రాగానే కదులుతుంది.

అయితే ఆయన మాటనే చివరి మాటగా తీసుకోకండి. ఆయిలు తగ్గినా, రివర్సు క్లచ్చు పిస్టన్ రబ్బరు సీలు చిరిగినా, డ్రమ్ము చుట్టూ బిగిసే బ్యాండు తెగినా లక్షణం ఇదే. విప్పకముందే ఆయిలు మట్టం, రంగు చూపించమనండి. చాలా రకాల ఆయిళ్లు కొత్తగా ఉన్నప్పుడు ఎర్రగా ఉంటాయి. నల్లబడి మాడు వాసన వస్తుంటే క్లచ్చు కాలిందని అర్థం. తర్వాత ప్రెజర్ గేజు పెట్టి న్యూట్రల్‌లో, డ్రైవ్‌లో, రివర్సులో ఎంతెంత వస్తోందో కాగితం మీద రాసిమ్మనండి. డ్రైవ్‌లో సరిగా ఉండి రివర్సులో పడిపోతుంటే ఆ దారిలో ఎక్కడో ఆయిలు బయటికి పోతోందన్నమాట. ఆయిల్ పాన్ విప్పేటప్పుడు దగ్గరుండండి. ఊడిన రేకు గాని ప్లగ్గు గాని మాయం కాదు, పాన్ అడుగున పడి ఉంటుంది, లేదా వాల్వ్ బాడీ సందులో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని చేతికి తీసి చూపించగలిగితే ఆయన చెప్పింది నిజం. అడగడానికి మొహమాటపడకండి. ఒళ్లు దాచుకోకుండా పనిచేసే మెకానిక్‌కు చూపించడమంటే ఇష్టంగానే ఉంటుంది.

అప్పటిదాకా రివర్సు వేసి యాక్సిలరేటర్ తొక్కి చూడటం పూర్తిగా మానేయండి. జారుతున్న క్లచ్చు క్షణాల్లో వేడెక్కుతుంది. దాని పొడి ఆయిలుతో కలిసి, ఇంతవరకు బాగున్న వాల్వుల్లోకి కూడా చేరుతుంది.

*

విప్పిన సర్క్లిప్‌ను మళ్లీ వాడవచ్చా? ఏ వైపు లోపలికి పెట్టాలి?

అద్దం పలక మీద పెట్టి ఒక అంచు నొక్కండి. ఊగితే వంగినట్టే, పారేయండి. ఊగకపోతే వాడుకోవచ్చు. రేకు నుంచి కొట్టి తీసిన సర్క్లిప్‌కు ఒక అంచు గుండ్రంగా, రెండో అంచు వాడిగా ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. వాడి అంచు బయటివైపు, అంటే తోపు పడే గాడి గోడ వైపు ఉండాలి. గుండ్రని అంచు బయటికి పెడితే ఎక్కువ తోపు పడినప్పుడు అది గాడి మీదికి ఎక్కి జారుతుంది. గాడిలో కాస్త ఆడుతోందని కంగారుపడకండి. 20 మిల్లీమీటర్ల రంధ్రానికి ప్రామాణిక లోపలి సర్క్లిప్ మందం 1 మిల్లీమీటరు, గాడి వెడల్పు 1.1. ఆ ఆట లెక్క ప్రకారమే ఉంది.

*

గురువుగారూ, వాల్వును ఆపే గొట్టపు పిన్ను చేతితోనే బయటికి వచ్చేస్తోంది. రంధ్రం అంచును పంచ్‌తో కొట్టి బిగించమని ఒకరు, లావు పిన్ను వేయమని ఇంకొకరు అంటున్నారు. ఏది మేలు?

రెండింటికంటే ముందు ఆ పిన్ను ఎందుకు వదులైందో చూడాలి. నిలువునా చీలిక ఉన్న గొట్టపు పిన్ను మామూలుగా చేతితో రాదు. 4 మిల్లీమీటర్ల రంధ్రంలోకి పోయే పిన్ను బయట ఉన్నప్పుడు 4.2 మిల్లీమీటర్లకు తగ్గదు. కొట్టేటప్పుడు చీలిక మూసుకుంటుంది, లోపలికి వెళ్లాక విచ్చుకోవాలని గోడల మీద ఒత్తుతూనే ఉంటుంది. వాల్వ్ బాడీ అల్యూమినియం, పిన్ను ఉక్కు. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. గట్టి కడ్డీలాంటి పిన్ను వేస్తే వేడెక్కినప్పుడు దాని పట్టు తగ్గుతుంది. చీలిక పిన్ను మాత్రం రంధ్రంతోపాటు తానూ విచ్చుకుంటుంది. ఇక్కడ ఈ రకం పిన్ను వాడటానికి అదీ ఒక కారణం.

అలాంటి పిన్ను చేతికి వస్తోందంటే రెండే కారణాలు. పిన్ను ఇంతకుముందే చాలాసార్లు తీసి వేసి అలసిపోయి ఉండాలి, లేదా రంధ్రమే కోలగా అరిగి ఉండాలి. కొత్త పిన్ను తెచ్చి వేసి చూడండి. గట్టిగా కూర్చుంటే అంతటితో సరిపోతుంది. కొత్తది కూడా వదులుగా ఉంటే భూతద్దంతో రంధ్రం అంచు చూడండి. ప్లగ్గు వచ్చి తగిలే వైపు నెలవంకలా నలిగిన గుర్తు కనిపిస్తుంది. పీడనం పెరిగినప్పుడల్లా ప్లగ్గు పిన్నును అటే గుద్దుతూ వచ్చిందన్నమాట.

పంచ్ దెబ్బకు నేను ఒప్పుకోను. కంపెనీలో కొన్ని ప్లగ్గుల అంచులు పంచ్‌తో నొక్కి మూస్తారు, నిజమే. అవి మళ్లీ తీయక్కర్లేని చోట, యంత్రం లెక్క ప్రకారం వేసే నొక్కులు. వాల్వు కదిలే రంధ్రం పక్కనే సుత్తితో కొడితే పిన్ను నిలవవచ్చు గాని ఆ రంధ్రం గుండ్రం చెడుతుంది. సందు అంత సన్ననిది కాబట్టి కంటికి కనబడని వంపు చాలు, వాల్వు పట్టేస్తుంది.

లావు పిన్ను వేయాలంటే రంధ్రాన్ని రీమర్‌తో (రంధ్రాన్ని నున్నగా తొలిచే పనిముట్టుతో) గుండ్రంగా సరిచేయాలి. ఊరికే కొట్టేస్తే పోత పోసిన బాడీ పగులుతుంది. పిన్నుకూ బాడీ అంచుకూ మధ్య కనీసం పిన్ను వ్యాసమంత లోహం మిగలాలని నేను చూసుకుంటాను. పిన్ను తగిలే చోట ప్లగ్గుకు గాడి ఉంటే ఆ గాడి కూడా లావు పిన్నుకు సరిపోవాలి. ఇవి కుదరకపోతే ఆ సగం బాడీ మార్చడమే దారి. అది ఖర్చు అని తెలుసు. కానీ ఊడిన పిన్ను ఒక క్లచ్చును కాల్చేస్తే అయ్యే పని దానికంటే చాలా పెద్దది.

ఏ పని చేసినా ఆఖరున వాల్వును శుభ్రమైన ఆయిలులో ముంచి రంధ్రంలో పెట్టి, బాడీని వంచండి. వాల్వు తన బరువుకు తానే జారిపోవాలి. వేలితో తోస్తేనే కదులుతుంటే అక్కడే ఆగిపోండి.

*

ఆటోమొబైల్ డిప్లొమా విద్యార్థిని. ఊడిపోయే భయం ఉన్నప్పుడు వాల్వులను తీయడానికి వీల్లేకుండా ఒకేసారి మూసేయవచ్చు కదా? తీయగలిగేలా ఎందుకు చేస్తారు?

మంచి ప్రశ్న అమ్మాయీ. పెద్ద ఎత్తున తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సు జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో 1939లో వచ్చింది. ఎప్పుడు ఏ గేరు పడాలో అందులో నిర్ణయించింది ఆయిలు పీడనమూ స్ప్రింగుల తూకమే. అంటే స్ప్రింగు బలం ఒక కొలత. అదే పోత, అదే వాల్వు ఉంచి, చిన్న ఇంజనుకు ఒక స్ప్రింగు, పెద్ద ఇంజనుకు మరో స్ప్రింగు వేస్తారు. శాశ్వతంగా మూసేస్తే ఆ వీలు పోతుంది.

రెండోది రంధ్రం చేసే పద్ధతి. వాల్వు రంధ్రం పొడవునా నున్నగా, నిటారుగా ఉండాలి. దాన్ని తొలిచే పనిముట్టు బయటి నుంచే లోపలికి వెళ్లాలి, చెత్త అదే దారిన బయటికి రావాలి, ఆ తర్వాత వాల్వూ అదే దారిన పోవాలి. కాబట్టి ఒక కొస తెరిచే ఉంటుంది, దాన్ని మూయడానికి ప్లగ్గు, ప్లగ్గును ఆపడానికి ఏదో ఒక అడ్డు తప్పవు. మూడోది అరుగుదల. పీడనాన్ని అదుపుచేసే వాల్వు ఒకచోట నిలవదు, సన్నగా కంపిస్తూ ఉంటుంది, అల్యూమినియం రంధ్రం అక్కడే అరుగుతుంది. తీసి చూసే వీలుంటేనే ఆ అరుగుదల తెలుస్తుంది.

ఇప్పుడు కంప్యూటర్ చెప్పినట్టు నడిచే సోలినాయిడ్లు, అంటే కరెంటుతో పనిచేసే వాల్వులు, వచ్చాయి. వాటినీ ఇలాగే రంధ్రంలోకి దించి, మెడ దగ్గరి గాడిలో క్లిప్పు గాని, బోల్టు వేసిన పట్టీ గాని పెట్టి ఆపుతారు. వాటి చుట్టూ ఉన్న ఓరింగుల (రబ్బరు చుట్ల) బిగువు చూసి క్లిప్పు పడిందనుకునేవారున్నారు. ఓరింగు పని ఆయిలు కారకుండా చూడటం వరకే, సోలినాయిడ్‌ను ఆపేది క్లిప్పే. క్లిప్పు రెండు కాళ్లూ గాడిలో దిగాయా లేదా కళ్లతో చూడండి, సోలినాయిడ్‌ను పట్టుకుని ఒకసారి బయటికి లాగి చూడండి.

*

సెపరేటర్ ప్లేటు మీద బాడీ పెట్టేటప్పుడు లోపలి చిన్న గుండ్లు దొర్లిపోతున్నాయి. చాసిస్‌కు వేసే గ్రీజుతో నిలపవచ్చా? బోల్టులు ఎంత బిగించాలి?

ఆ గ్రీజు వద్దు. దానికి చిక్కదనం ఇచ్చే పదార్థం ట్రాన్స్‌మిషన్ ఆయిలులో కరగదు. ముద్దలుగా పోయి సన్నని రంధ్రాలకూ సోలినాయిడ్ల జాలీలకూ అడ్డం పడుతుంది. వాసెలిన్ గాని, ఇందుకోసమే అమ్మే అసెంబ్లీ జెల్ గాని వాడండి. గేరుబాక్సు వేడెక్కేసరికి అవి ఆయిలులో కలిసిపోతాయి. అవి కూడా చుక్కంత చాలు.

గుండ్లను అయస్కాంతంతో ఎత్తకండి. ఉక్కు గుండుకు అయస్కాంత గుణం పట్టుకుంటే ఇనుప పొడిని లాక్కుంటుంది, ప్లాస్టిక్ గుండు అసలు అంటుకోదు. ప్లాస్టిక్ గుండు ఉండాల్సిన చోట ఉక్కు గుండు వేస్తే అది ప్లేటు రంధ్రాన్ని కొట్టి కొట్టి పెద్దది చేస్తుంది. గుండుకు సరిపడా కనిపించే ప్రతి గుంటలోనూ గుండు ఉండదు. విప్పేటప్పుడే ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. తుడవడానికి నూలు గుడ్డ వాడకండి, దాని పీచు ఒక్కటి చాలు వాల్వు పట్టేయడానికి.

బోల్టులు చాలావరకు 6 మిల్లీమీటర్లవి. ఎక్కువ మాన్యువళ్లలో బిగింపు 8 నుంచి 12 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండికి ఎంతో మీ మాన్యువల్ చూసి తీసుకోండి. టార్క్ రెంచ్ లేకుండా ఈ పని చేయకండి. చేతి అంచనాతో బిగిస్తే బాడీ వంగుతుంది, బల్ల మీద హాయిగా జారిన వాల్వులు బిగించాక ఆగిపోతాయి. బోల్టుల పొడవులు వేరువేరు. అట్టముక్క మీద బాడీ బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ చోటి నుంచి తీశారో ఆ చోటే గుచ్చి పెట్టుకోండి. మాన్యువల్ వేరే వరస చెప్పకపోతే మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతలుగా బిగించండి.

ఇంకొక్కటి. గేరు లివరుతో కదిలే మాన్యువల్ వాల్వును చాలా బాడీల్లో విడిగా ఆపే రేకేమీ ఉండదు. లోపలి లివరు పిన్ను దాని గాడిలో ఇమిడి ఉండటమే దానికి పట్టు. బాడీ ఎక్కించేటప్పుడు ఆ పిన్ను తప్పిపోతే వాల్వు ఎక్కడో ఒకచోట ఉండిపోతుంది, లివరు మాత్రం ఖాళీగా తిరుగుతుంది. ఆయిల్ పాన్ పెట్టకముందే గేరు లివరును అన్ని స్థానాలకూ కదిలించమని ఇంకొకరికి చెప్పి, మీరు కింద టార్చి పట్టుకుని వాల్వు వెంట వస్తోందో లేదో చూడండి. వస్తుంటే పాన్ బిగించి, మాన్యువల్ చెప్పినంత ఆయిలు పోయండి.